పక్కకు జరగమన్నప్పుడు

ఫార్ములా రేసులు చూసేవాళ్ళలో ఎక్కువమంది డ్రైవర్ల అభిమానులు. నేను మాత్రం ట్రాక్ పక్కన గోడ దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏ కారును టైర్లు మార్చడానికి ఎప్పుడు పిలవాలో, ఎవరు ఎవరికి దారివ్వాలో తేల్చేవాళ్ళ పక్షం. గెలిస్తే పేరు డ్రైవర్‌ది, ఓడితే తిట్లు వీళ్ళవి. నా ఉద్యోగమూ అచ్చం అదే. సికింద్రాబాద్‌లో రైల్వే కంట్రోల్ గదిలో కూర్చుని, ఏ రైలు ముందు పోవాలో, ఏది లూప్ లైన్లోకి తప్పుకుని దారివ్వాలో స్టేషన్ మాస్టర్లకు ఫోన్లో చెబుతుంటాను.

అలా తప్పుకున్న రైళ్ళను నడిపినవాడు మా నాన్న. సర్వీసులో చాలా భాగం పాసింజర్ బండ్లతోనే గడిచిపోయింది. రిటైరయ్యాక అల్వాల్‌లో మా ఇంట్లోనే ఉంటూ, ఆదివారం సాయంత్రాలు సోఫాలో నా పక్కన చేరి, నా రేసుల పిచ్చి తనూ అంటించుకున్నాడు. ఈ సీజన్‌లో మేం అభిమానించే జట్టులోని ఇద్దరు డ్రైవర్లలో మొదటివాడు ఛాంపియన్‌షిప్ రేసులో ఉన్నాడు. రెండోవాడి పని అతనికి దారివ్వడమే. నాన్న ఎవరి పక్షమో వేరే చెప్పాలా?

"ఏందీ గిట్ల? మంచిగ ఉరుకుతున్నోన్ని ఆపుడేంది? గట్టున కూసున్నోడు ఎన్నైనా చెప్తడు!" అనేవాడు. తిట్టేది టీవీలోవాళ్ళనే అయినా చూసేది నా వైపు.

"ఇద్దరు కొట్లాడుకుంటే ఇద్దరి టైర్లు సుత అరుగుతయ్ నాన్నా. వెనకోడొచ్చి ఇద్దర్ని దాటిపోతడు."

"మీ కంట్రోలోళ్ళు గిట్లనే అంటరు."

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. కానీ నాకు నిజంగానే కష్టంగా ఉండేది. నాకీ ఉద్యోగం వచ్చిన రోజున "కంట్రోలా?" అని పెదవి విరిచినవాడు, ఇన్నేళ్ళలో నా పని గురించి ఒక్క మంచి మాట అనలేదు. ఆ మాట కోసం నేను ఎదురుచూస్తున్నానని ఆయనకు చెప్పేంత వినయం నాకూ లేదు.

ఆ ఆదివారం రేసులో మా రెండో డ్రైవరే అందరికన్నా ముందున్నాడు. అనుకున్నట్టే పక్కకు జరగమని రేడియోలో ఆజ్ఞ వచ్చింది. నాన్న మరమరాల గిన్నె కింద పెట్టి యుద్ధానికి సిద్ధమయ్యాడు. అయితే ఈసారి గోడ దగ్గరి మనిషి అంతటితో ఆపలేదు. నీ టైర్లు అరిగిపోయాయి, నీ వెనకున్న మనవాడివి కొత్తవి, అతని వెనక నుంచి పోటీవాడు తరుముకొస్తున్నాడు, మనవాణ్ణి ముందుకు వదిలి ఆ పోటీవాణ్ణి నువ్వు ఆపగలిగితే జట్టు నిలబడుతుంది అని నెమ్మదిగా వివరించి, థాంక్స్ కూడా చెప్పాడు. తర్వాతి మలుపులో డ్రైవర్ పక్కకు జరిగాడు.

నాన్న అరుస్తాడని చూశాను. అరవలేదు.

"నాకు ఎవ్వరు చెప్పలే," అన్నాడు టీవీ వైపే చూస్తూ.

"ఏంది నాన్నా?"

"ఎందుకు ఆపిన్రో. ఎర్ర సిగ్నల్ ఉంటది, ఆగాలె. జనం ఇంజన్ కాడికొచ్చి ఎందుకు ఆపినవని నన్ను తిడ్తరు. నాకేమెరుక? నిలబడుడు తక్లీఫ్ గాదు బిడ్డా. ఎందుకో ఎరుక లేకుండ నిలబడుడు తక్లీఫ్."

వాదించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, అయినా ఆ రోజు కింద పెట్టిన మరమరాల గిన్నె తీసి ఆయన చేతికిచ్చాను.

మర్నాడు డ్యూటీలో, ఆలస్యంగా నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ కోసం ఒక చిన్న స్టేషన్‌లో పాసింజర్‌ను ఆపాల్సి వచ్చింది. మామూలుగా అయితే లూప్‌లోకి తీసుకోమని చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. ఆ రోజు ఇంకో మాట కలిపాను. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందని, అర్ధగంట పడుతుందని, అది దాటగానే వదులుతామని డ్రైవర్‌కు చెప్పమన్నాను.

కాసేపటికి స్టేషన్ మాస్టర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడం, డ్రైవర్ పరేషాన్ అయితుండు. ఎన్నడు చెప్పనిది ఇయ్యాల చెప్పిన్రేంది, ముంగట ఏమన్న యాక్సిడెంట్ అయిందా అని అడుగుతుండు."

పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. "ఏం కాలేదు. ఆయనకు తెలియాలని చెప్పించిన, అంతే."

సాయంత్రం నాన్నకు చెబితే, చాయ్ సాసర్లోకి ఒలికేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"ఎంతసేపు ఆపినవ్?"

"అర్ధగంట."

"అర్ధగంటనా!" పాత డ్రైవర్ మళ్ళీ లేచాడు.

"ఎక్స్‌ప్రెస్ పోవాలె గద నాన్నా."

ఆయన సాసర్లో ఒలికిన చాయ్‌ని తిరిగి కప్పులోకి ఒంపుకున్నాడు.

"పోవాలె," అన్నాడు. "నిలబడ్తడు తియ్. చెప్పినవ్ గద."