ఇరవై ఏడో పేజీలో నెలవంక

రాజమండ్రిలో ఇంకా మూతపడని అద్దె పుస్తకాల కొట్టు ఒకటుంది. చదివిన నవలే మళ్ళీ తెచ్చుకోకుండా అక్కడి పాఠకులు ఎవరి గుర్తు వాళ్ళు పుస్తకంలో పెట్టుకుంటారు. మా అక్క గుర్తు ఇరవై ఏడో పేజీ మూల పెన్సిల్‌తో గీసిన నెలవంక. నవల నచ్చితే అందులో చుక్క పెట్టేది. నచ్చకపోతే ఖాళీగా వదిలేసేది.

నేను రాసేవి ప్రేమా, సస్పెన్సూ కలిసిన నవలలు. పదకొండు రాస్తే అక్క చుక్క పడింది నాలుగింటికే. మిగతా వాటికి తిట్లు తిన్నాను. "మోసం చెయ్యవే, కాదన్నానా? నా కళ్ళెదురుగానే చెయ్యి. ఎక్కడా కనబడనివాణ్ణి చివర్లో లాక్కొచ్చి వీడే హంతకుడంటే ఒళ్ళు మండుతుంది," అనేది. ప్రేమ దగ్గర ఇంకా మొండిది. కథలో క్షమాపణ ఊరికే దొరికితే పుస్తకం విసిరికొట్టేది. నాకు రోషం వచ్చేది. కానీ ఆమె ఖాళీగా వదిలిన నవలలను కొట్టులోనూ ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు.

పన్నెండోది రాస్తుండగా అక్క ఆసుపత్రిలో చేరింది. తన భర్తే అతని మొదటి భార్యను చంపాడేమోనని అనుమానించే అమ్మాయి కథ అది. అక్కకు వినిపించాలని ఆదరాబాదరాగా ముగించాను. అతను నిర్దోషి అని తేలగానే, అన్నాళ్ళూ అతను ఆడిన అబద్ధాలన్నిటినీ ఆ అమ్మాయి ఒక్క పేజీలో క్షమించేసింది. అది వినకుండానే అక్క పోయింది. ఆ ముగింపు ఆమెకు నచ్చేదా అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నవల అచ్చయిన ఆర్నెల్లకు కొట్టుకెళ్ళి, ఎందుకో దాన్ని తీసి చూశాను. ఇరవై ఏడో పేజీ మూల నెలవంక ఉంది. లోపల చుక్క లేదు.

పుస్తకాన్ని గుమ్మం దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను. కొట్టాయన తలెత్తకుండానే, "అది మీ బావగారు తీసుకెళ్ళి నిన్ననే తిరిగిచ్చారండి," అన్నాడు.

హమ్మయ్య అనుకుని ఆటోలో ధవళేశ్వరంలోని అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావగారు నవల చదివే మనిషి కాదు. అక్కకు మోసుకొచ్చేవారు, అంతే. వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాంట్లో ఆయన కూర్చున్నారు. ఖాళీ కుర్చీ చేతిమీద అక్క కళ్ళజోడు శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది.

"రోజూ ఓ అధ్యాయం చదివి వినిపిస్తున్నానమ్మా. నీది మొన్ననే అయింది. గుర్తు కూడా పెట్టాను," అన్నారు.

"మరి చుక్క పెట్టలేదేంటి బావగారూ?"

"పెడదామనే అన్నాను. వద్దంది. ఆ పిల్ల అంత తొందరగా క్షమించకూడదంట."

నాకు భయమేసింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. రాసిన రోజే నాకు తెలిసిన తప్పు అది. ఎవరితోనూ అనలేదు.

"అయితే ఏం చెయ్యాలట?" అని అడిగాను. ఆయన్ని కాదు, ఆ కుర్చీ వైపు తిరిగి.

బావగారు నోటి మీద వేలు పెట్టుకున్నారు. "ఉండమ్మా, చెప్తోంది."

నేను సంచిలోంచి కాగితం, పెన్సిల్ తీసుకున్నాను.