ఫైలు మీద పెట్టని మాట

2002 జూన్‌లో నన్ను డిప్యూటీ తహశీల్దారుగా దివిసీమలోని ఒక మండల రెవెన్యూ కార్యాలయానికి బదిలీ చేశారు. ఏ మండలమో చెప్పను. మండల రెవెన్యూ అధికారి, అంటే ఎమ్మార్వో, తర్వాతి స్థానం డిప్యూటీ తహశీల్దారుది. దానితో పాటు కంప్యూటర్ సెక్షను అదనపు బాధ్యతా నాకే అప్పగించారు. గుడివాడలో పనిచేసిన రోజుల్లో సాయంత్రం పూట ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ ఆఫీసులో అంతమాత్రం చదివినవాళ్ళు కూడా ఇంకెవరూ లేరు.

అప్పుడప్పుడే అడంగళ్ళను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఏ సర్వే నంబరు పొలం ఎవరి పేరున ఉంది, ఎవరి సాగులో ఉంది, ఏ పంట వేశారు అని ఏటా రాసే రిజిస్టరు అడంగల్. రైతుకు అదే ఆధారం. ప్రోగ్రాం ఒక ప్రైవేటు కంపెనీది. ప్రతి ఆపరేటరుకూ ఒక పాస్‌వర్డ్ ఉండేది. రికార్డులో ఏ మార్పు చేసినా, చేసిన ఆపరేటరు పేరు, తేదీ, సమయం వాటంతట అవే నమోదయ్యేవి. మా ఆపరేటరు షమీమ్. ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, కాంట్రాక్టు ఉద్యోగి. నాలాగే బందరు నుంచి చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చేది. ఒక్క అంకె అనుమానంగా ఉన్నా పాత రిజిస్టరు తీయించి చూసుకుంటేగాని టైపు చేసేది కాదు.

ఆదివారం ఉదయాలు నేను బందరులో కోనేరు సెంటర్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చునేదాన్ని. తెలుగువాళ్ళు కంప్యూటర్ వార్తల మీద వాదించుకునే చర్చావేదిక ఒకటి ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం. ఎక్కడో ఏదో వైరస్ వచ్చిందనో, ఫలానా ప్రోగ్రాంలో లోపం బయటపడిందనో ఎవరో ఒకరు వార్త పెట్టడం, దాని మీద నలభై మంది కొట్లాడుకోవడం. నేను ‘కృష్ణపాయ’ అన్న పేరుతో రాసేదాన్ని. అందరూ నన్ను బ్రదర్ అనేవారు, గురూ అనేవారు. నేనూ సరిదిద్దలేదు. ఆఫీసులో నేను మాట్లాడితే మధ్యలో అందుకునే మనుషులు చాలామంది ఉండేవారు. అక్కడ నా వాక్యం చివరిదాకా చదివి మరీ తిట్టేవారు. నాకది బాగుండేది.

ఆ నవంబరులో వాదన ఓపెన్ సోర్స్ మీద నడిచింది. ప్రోగ్రాం రాసిన తీరును, అంటే సోర్సును, ఎవరైనా చూడడానికి వీలుగా బయటపెట్టే పద్ధతి అది. దాచిపెట్టిందే భద్రమని ‘కోటగోడ’ అనే ఆయన గట్టిగా వాదించాడు. “తాళం ఎలా చేశామో దొంగకి చెప్తామా గురూ? లోపల ఏముందో ఎవడికీ తెలీదు కాబట్టే సేఫ్” అని రాశాడు. దానికి ఇంకొకాయన, “తెలీదని ఎవరన్నారు? నీ ప్రోగ్రాం ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు” అని జవాబిచ్చాడు.

మర్నాడు భోజనాల వేళ నేను ఆ పని చేశాను. మా అడంగల్ ప్రోగ్రాం ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పేజీల కొద్దీ అర్థం కాని గుర్తులు. వాటి మధ్యలో అక్కడక్కడ చదవగలిగిన ఇంగ్లీషు మాటలు. అందులో ఒకటి పదకొండు అక్షరాల మాట, ఏ సందేశంలోనూ భాగం కానిది. షమీమ్ పేరు టైపు చేసి, పాస్‌వర్డ్ దగ్గర ఆ మాట కొట్టాను. తెరుచుకుంది. నా పేరుతో కొట్టాను. తెరుచుకుంది. ఆపరేటర్లు పాస్‌వర్డ్ మరిచిపోతే లోపలికి వెళ్ళడానికి కంపెనీ సర్వీసు మనుషులు పెట్టుకున్న దొంగదారి అది. దాన్ని తెలిసినవాడు ఎవరి పేరుతోనైనా కూర్చుని, ఎవరి పొలాన్నైనా మార్చొచ్చు. నమోదయ్యేది మాత్రం ఆపరేటరు పేరే.

ఎమ్మార్వో గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన సంతకాలు చేస్తూనే, “కంపెనీ వాళ్ళు చూసుకుంటార్లెండి. మీరు అనవసరంగా అవన్నీ గెలక్కండమ్మా, రేపు ఏదైనా పాడైతే మన మీదికొస్తుంది” అన్నారు. సరేనండీ అని వచ్చేశాను. నోటు పెట్టలేదు. ఆఫీసు భాషలో నోటు పెట్టడమంటే విషయాన్ని కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఫైలులో పైఅధికారికి పంపడం. పెడితే ఆయన దాని మీద ఏదో ఒకటి రాయక తప్పదు. అలాగే, ప్రోగ్రాం ఫైలు ఎందుకు తెరిచారని నన్నూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జంకాను.

ఆదివారం మాత్రం చర్చావేదికలో చెలరేగిపోయాను. ఊరు, శాఖ, కంపెనీ పేరు చెప్పకుండా జరిగిందంతా రాశాను. కోటగోడ నమ్మలేదు. “కథలు బాగా చెప్తున్నావు బ్రదర్, ప్రూఫ్ ఏది?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాటలో మొదటి రెండక్షరాలు, చివరి రెండక్షరాలు ఇచ్చి, మధ్యలో ఏడు చుక్కలు పెట్టాను. మూడు ఆదివారాలు వాదించి గెలిచాననుకున్నాను.

మరుసటి ఫిబ్రవరిలో సముద్రం వైపు పల్లె నుంచి వెంకన్న అనే ఆయన అడంగల్ నకలు కోసం వచ్చాడు. చేపల వేటకు వెళ్ళే కుటుంబం. తండ్రి నుంచి వచ్చిన ఎకరం ఇరవై సెంట్ల వరి పొలం ఉంది. కాలువ నీటి దరఖాస్తుకు జతచేయడానికి నకలు కావాలన్నాడు. షమీమ్ ప్రింటు తీసి ఇచ్చింది. పక్కనున్నవాళ్ళ చేత చదివించుకుని తిరిగి వచ్చాడు.

“ఏవండీ, ఇందులో నా పేరేదండీ? ఈయనెవరండీ?”

పట్టాదారు కాలంలోనూ, సాగుదారు కాలంలోనూ రొయ్యల చెరువులు తవ్వించే ఒకాయన పేరుంది. కాగితం అడంగల్ తీయించాను. అందులో వెంకన్న పేరే ఉంది. కంప్యూటర్లో జనవరిలో ఒక సాయంత్రం నాలుగు గంటలకు మార్పు జరిగినట్టు నమోదైంది. మార్చింది షమీమ్. ఆ సమయానికి ఆమె ఆఫీసులోనే ఉంది, హాజరు పట్టీలో సంతకముంది.

రెండు రోజుల్లో ఆమెను తొలగించారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. రెండు వారాల పాటు రోజూ స్టేషనుకు పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. చదువుకున్న మనిషి, ఏ తప్పూ చేయని మనిషి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చేపోయేవాళ్ళ చూపుల మధ్య కూర్చుంది. ఒకరోజు నేను వెళ్తే లేచి నిలబడింది.

“నేను కాదండీ మేడమ్. మీకు తెలుసు కదండీ.”

నామీద నమ్మకంతో అన్న మాటే అది. కానీ నాకు నిజంగానే తెలుసు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

విచారణాధికారిగా గుడివాడలో పనిచేస్తున్న రామ్మోహనరావు గారిని వేశారు. ఈలోగా కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, మామూలు మార్పులేనంటూ మా కంప్యూటర్లో కొత్త వెర్షన్ ఎక్కించి వెళ్ళాడు. ఆ రోజే ఫైలు తెరిచి చూశాను. ఆ మాట లేదు. కొట్టి చూశాను. తెరుచుకోలేదు. ఎమ్మార్వో గారికి నవంబరులో చెప్పిన సంగతి గుర్తుచేశాను. “ఎప్పుడు చెప్పారండీ? నాకు గుర్తు లేదే” అన్నారు. నిజంగా గుర్తు లేకపోయి ఉండవచ్చని తర్వాత చాలాసార్లు సర్దిచెప్పుకోబోయాను. ఇప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు నేను నోరు విప్పితే, సంఘటన జరిగాక కింది ఉద్యోగిని కాపాడడానికి అల్లిన కథంటారు. మార్పుకు రెండు నెలల ముందే ఆ లోపం ఉందని చూపించే ఆధారం అప్పటికి నాకు తట్టింది ఒక్కటే. అది కృష్ణపాయ రాసిన పోస్టు. దాన్ని చూపించాలంటే కృష్ణపాయ ఎవరో చెప్పాలి. అనుమతి లేకుండా ఆఫీసు విషయాలు బయట రాయడం ప్రవర్తనా నియమావళి ప్రకారం నేరం. పదకొండు రోజులు ఆలోచించాను. ఆ పదకొండు రోజుల్లో ఆమె బెంచీ మీదే ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను క్షమించలేనివాళ్ళ జాబితాలో ఆ పదకొండు రోజుల నేనూ ఉన్నాను.

విచారణ గుడివాడలో జరిగింది. కంప్యూటర్ సెక్షను బాధ్యురాలిగా నన్నూ పిలిచారు. కంపెనీ ప్రతినిధి ధీమాగా చెప్పాడు. “మా ప్రోగ్రాం సోర్సు ఎవరికీ ఇవ్వమండీ. లోపల ఏముందో బయటివాళ్ళకి తెలిసే చాన్సే లేదు. అదే దీనికి సెక్యూరిటీ.” కోటగోడ మాటే, ఈసారి టై కట్టుకుని వచ్చింది. అప్పటిదాకా ఉన్న జంకు నాకు ఆ క్షణంలో పోయింది. నా సంచీలోంచి ప్రింటు తీసి రామ్మోహనరావు గారి ముందు పెట్టాను.

ఆయన తాపీగా చదివారు. “ఈ కృష్ణపాయ ఎవరమ్మా?”

“నేనేనండీ.”

“అందరూ బ్రదర్ అంటున్నారే?”

“నేను సరిదిద్దలేదండీ.”

ఆయన నవ్వలేదు. ప్రింటు మీద తేదీ ఎవరైనా మార్చుకోవచ్చన్నారు. అక్కడికక్కడే ఇంటర్నెట్ సెంటరుకు నడిచి వెళ్ళి, ఆ పేజీని తన ముందు తెరిపించి తేదీ చూసుకున్నారు. తర్వాత, మా ఆఫీసు బీరువాలో స్టాకు రిజిస్టరు ప్రకారం భద్రపరిచిన పాత వెర్షన్ సీడీని రప్పించారు. సీలు అలాగే ఉంది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరరును సాక్షిగా పిలిచి, వేరే కంప్యూటర్లో దాన్ని ఎక్కించి, ఫైలు తెరిపించారు. లెక్చరరు ఒక్కో పేజీ కిందికి జరుపుతూ వెళ్ళి ఒకచోట ఆగాడు. పదకొండు అక్షరాలు. మొదటి రెండూ, చివరి రెండూ నా పోస్టులో ఉన్నవే. కంపెనీ ప్రతినిధి ఫోను చేసుకుని వస్తానని బయటికి వెళ్ళి, గంట దాకా రాలేదు.

తర్వాత రామ్మోహనరావు గారు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టారు.

“నవంబరులోనే తెలుసన్నమాట. ఆఫీసులో ఎవరికి చెప్పారు?”

“ఎమ్మార్వో గారికి చెప్పానండీ.”

“నోటు పెట్టారా?”

“లేదండీ.”

“అయితే చెప్పనట్టే. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పేజీలకి పేజీలు రాశారు. పక్క గదికి ఒక్క కాగితం రాయలేకపోయారు.”

నాకు కోపం వచ్చింది.

ఫలితాలు ఇవి. షమీమ్ నిర్దోషి అని తేలింది, ఫిర్యాదు ఉపసంహరించుకున్నారు, తిరిగి తీసుకోమని ఉత్తర్వు వచ్చింది. ఆమె రాలేదు. “ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేనండీ” అని చెప్పి, బందరులో ఒక స్కూల్లో చేరింది. పదకొండు రోజుల సంగతి ఆమెకు నేనే చెప్పాను. ఆమె టీ పెడతానని లోపలికి వెళ్ళింది. టీ తాగి వచ్చేశాను. మళ్ళీ వాళ్ళింటికి రమ్మని ఆమె పిలవలేదు. నాకు అభిశంసన, అంటే లిఖితపూర్వక మందలింపు, సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. అది న్యాయమే. కంపెనీకి హెచ్చరిక లేఖ వెళ్ళింది, ఆ తర్వాత అదే కంపెనీకి కాంట్రాక్టు పొడిగించారు. ఆ మాట ఎవరు వాడారో తేలలేదు. తన పేరు రికార్డులోకి ఎలా వచ్చిందో తనకేం తెలుసని రొయ్యల చెరువుల ఆయన అడిగాడు. అతని మనుషులు ఆ పేరుతో ఉన్న నకలు చూపించి, విచారణ నడుస్తున్నప్పుడే పొలంలో యంత్రం దించి చెరువు తవ్వేశారు, ఉప్పునీళ్ళు పెట్టేశారు. రికార్డులో వెంకన్న పేరు తిరిగి ఎక్కింది. పొలం మాత్రం వరికి పనికిరాకుండా పోయింది. నకలు అందుకోవడానికి వచ్చినప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు. “పేరు ఇచ్చారు సరేనండీ. ఉప్పు ఎవరు తీస్తారండీ?”

జరిగింది చర్చావేదికలో రాశాను. “కంగ్రాట్స్ బ్రదర్, కానీ ఒక్క ఉదాహరణతో మొత్తం వాదన నిలబడదు” అని కోటగోడ జవాబిచ్చాడు. నాలుగో జవాబు దగ్గరికి వచ్చేసరికి చర్చ కంప్యూటర్ను నడిపే ఏ లినక్స్‌లో తెర అందంగా ఉంటుందన్న దాని మీదికి మళ్ళింది. నేను మళ్ళీ అందులో రాయలేదు.

ఆ వాదనలో నా పక్షం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ప్రజల రికార్డులు ఉంచే ప్రోగ్రాంను కంపెనీతో సంబంధం లేనివాళ్ళు లోపలి నుంచి పరీక్షించగలిగి ఉండాలి. మా ప్రోగ్రాంను అలా ఒక్కరు చూసినా ఆ మాట మొదటి వారంలోనే దొరికేది. అయితే లోపం కనిపెట్టడం సగం పనే. దాన్ని సరిచేయగల అధికారికి, అదే రోజు, తేదీతో, సంతకంతో రాయడం మిగతా సగం. తర్వాతి సర్వీసులో పనిచేసిన ప్రతి ఆఫీసులోనూ నేను అలా రాశాను. సగానికి పైగా నోట్లకు జవాబు రాలేదు. జవాబు రాని ప్రతిదానికీ నెల తిరగ్గానే గుర్తుచేస్తూ ఇంకో కాగితం పంపాను.