అడగకుండా పెట్టిన మెమరీ

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, ఫిబ్రవరిలో ఒక సోమవారం, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కంప్యూటర్ సర్వీస్ ఆఫీసు నన్ను ఎల్‌బీ నగర్‌లో ఒక బ్రెయిలీ ప్రెస్సుకు పంపింది. నా హోదా సీనియర్ ఫీల్డ్ ఇంజనీరు. పాత యంత్రాలన్నీ నా నెత్తినే పడేవి, ఎందుకంటే వాటితో పనిచేసినవాణ్ని ఆఫీసులో నేనొక్కణ్నే మిగిలాను.

అక్కడి కంప్యూటరు పాతికేళ్ల పైబడినది, యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. తెలుగు అక్షరాలను బ్రెయిలీ చుక్కలుగా మార్చే ప్రోగ్రామును ఎవరో పుణ్యాత్ముడు అప్పట్లో దానికోసమే రాసిపెట్టాడు. మరో యంత్రం మీద అది నడవదు. ఇప్పుడు హార్డ్‌డిస్క్ పోయింది. పదో తరగతి పరీక్షలకు నెలే ఉంది. చూపులేని పిల్లలు తొమ్మిది మందికి అందాల్సిన సాంఘికశాస్త్రం పుస్తకం సగంలో ఆగిపోయింది. అదృష్టం కొద్దీ ప్రోగ్రామూ పాఠాలూ ఫ్లాపీల్లో భద్రంగా ఉన్నాయి.

వేరే డిస్క్ బిగించాను. మూత ఎలాగూ తీశాను కదా అని మెమరీ కూడా రెట్టింపు చేశాను. మా ఫీల్డ్ వాళ్లకు ఇదొక జబ్బు: వెళ్లినచోట అడగని మేలు ఒకటి చేసి రావాలి, కస్టమరు మన పేరు చెప్పుకోవాలి. సంచిలో ఊరికే పడున్న మెమరీ ముక్కలు రెండు అందులో పెట్టేసి, ఫ్లాపీల నుంచి యునిక్స్ ఎక్కించడం మొదలుపెట్టాను.

మూడో ఫ్లాపీ దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెడితే ఐదో దాని దగ్గర ఆగింది. ఫ్లాపీలు మార్చాను, కేబుల్ మార్చాను, ఇంకో డిస్క్ తెచ్చాను. మెమరీని పరీక్షిస్తే నిక్షేపంలా ఉంది. బుధవారం దాకా ఇదే వరస. కాలు ఒకచోట నిలవదు. గేటు దాకా వెళ్లడం, టీ తాగడం, మళ్లీ వచ్చి అదే తెర చూడడం. ప్రెస్సు మేనేజరమ్మ గంటకోసారి తలుపు దగ్గరకొచ్చి "అవుతుందా సార్?" అంటుంటే ఒళ్లు మండేది. నిజానికి అది కోపం కాదు, భయం. పుస్తకం లేకుండానే ఆ పిల్లలు పరీక్షకు కూర్చోవాల్సి వస్తుందేమోనని.

ప్రూఫులు చూసే యాదగిరికి పుట్టుకతోనే చూపు లేదు. నల్గొండ వైపు మనిషి. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే ఆ కంప్యూటరు స్విచ్ వేసేది ఆయనే. ఆ మధ్యాహ్నం నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సారూ, జర ఒక మాట. మునుపు స్విచ్ ఏస్తే టిక్కు టిక్కుమని కొంచెంసేపే కొట్టేది. మీరొచ్చినకాడి నుంచి శానసేపు కొడుతున్నది. గదేంది?"

అది మెమరీని లెక్కపెట్టుకునే చప్పుడనీ, ఎక్కువ పెట్టాను కాబట్టి ఎక్కువసేపు లెక్కపెడుతుందనీ చెప్పి, "మీ పని మీరు చూసుకోండి బాబూ" అని కసిరాను.

"ఎక్కువెందుకు పెట్టిన్రు? మేము అడగలే గద?" అన్నాడాయన.

అప్పుడు గుర్తొచ్చింది. డిస్కును నడిపే కార్డు పాతకాలంది. మొదటి పదహారు మెగాబైట్ల మెమరీని దాటి అందుకోలేదు. ఉన్న పదహారును నేను ముప్పై రెండు చేశాను. పై సగంలో పెట్టాల్సినదాన్ని అది కింది సగంలో రాసి, అక్కడున్నదాన్ని పాడుచేస్తోంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్న సంగతి ఇది. ఛీ, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముక్కలు రెండూ పీకేశాను. గంటన్నరలో యునిక్స్ ఎక్కింది. సాయంత్రానికి ప్రింటరు కాగితం మీద చుక్కలు పొడవడం మొదలెట్టింది. మొదటి పేజీని యాదగిరి వేళ్లతో చదివి, "మంచిగున్నది" అన్నాడు. నెలాఖరుకల్లా పుస్తకాలు పిల్లల చేతికి అందాయి.

పని ముగిశాక సర్వీస్ రిపోర్టు రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. మేనేజరమ్మ వెళ్లిపోవడంతో యాదగిరికే చదివాను: డిస్క్ మార్చడమైనది, మెమరీ పొసగక ఆలస్యమైనది.

"గా మెమరీ ఎవరు పెట్టిన్రో రాయలేదేంది సారూ? రేపు ఇంకో ఇంజనీరు ఒస్తే మల్ల గట్లనే పెడ్తడు."

నన్ను ఎత్తిపొడవడానికి అన్నమాట కాదది. ఆ వాక్యం కొట్టేసి, అదనపు మెమరీ పెట్టినది నేనేననీ, పదహారుకు మించి పెట్టరాదనీ రాశాను. ఆయన సంతకం చేశాడు. తప్పు ఎవరిదో రిపోర్టులో రాసేది తర్వాత వచ్చేవాడి కోసం. అంతకుముందు నేను నింపిన రిపోర్టులన్నీ నా పేరు చెడకుండా నా కోసమే రాసుకున్నాను.