పడని మాస్టరు

ఇల్లందులో కరాటే నేర్పే క్రీస్తుదాసు కింద పడగా చూసినవాళ్లు లేరు. యాభై నాలుగేళ్ల మనిషి. పొద్దున బొగ్గుబావిలో షిఫ్టు చేసి, సాయంత్రం చర్చి వెనక ఖాళీ జాగాలో ముప్పై మంది పిల్లలకు విద్య నేర్పుతాడు. ఊళ్లో కొత్త జిమ్ము పెట్టినా పిల్లలు ఈయన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే, మాస్టరు పడడని నమ్మకం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అంతటివాడు సినిమాలో తన్నులు తినడానికి ఒప్పుకున్నాడు. చర్ల అడవిలో దయ్యాల కామెడీ తీస్తున్నారట, హీరోతో తలపడే దయ్యం కావాలట. మొహం నిండా జుట్టు, ఒంటి నిండా తెల్లచీర, ఎవరూ గుర్తుపట్టరన్నారు. చిన్నప్పటినుంచీ ఫైటు సినిమాలంటే పడిచచ్చే మనిషి, ఆశ ఎక్కడికి పోతుంది?

భార్య సంపూర్ణ మూతి తిప్పింది. "ఆదివారం వాక్యం చదివే నోటితోని దయ్యం కూతలు కూస్తవా?"

"కూతలు వేరేటోళ్లు కూస్తరంట. నాది కొట్లాట ఒక్కటే."

కొట్లాటలో ఓడేది తానేనని మాత్రం చెప్పలేదు.

షూటింగులో గుమ్మడికాయతో దిష్టి తీస్తుంటే దయ్యం ఓ పక్కకు జరిగి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. హీరో పిడికిలి విసిరాడు. క్రీస్తుదాసు చెయ్యి దానంతటదే లేచి అడ్డుకుంది. మళ్లీ తీశారు, మళ్లీ అడ్డుకుంది. నాలుగోసారికి హీరో మణికట్టు బూరెలా పొంగింది.

"మీరు దయ్యం సార్. ఓడిపోవాలి," అన్నాడు డైరెక్టరు, ఏడుపొక్కటే తక్కువగా.

"నేను గూడ ఓడిపోదామనే చూస్తున్న సార్. చెయ్యి ఇంటలేదు."

చివరికి ఫైటు మాస్టరు దూలయ్య ఆ చీర కొంగుతోనే ఆయన చేతులు వెనక్కి కట్టేశాడు. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదిలి, భుజం మీద దొర్లడం ఒక పూటంతా ఇసుకలో నేర్పాడు. కెమెరా ముందు పదకొండోసారి పడినప్పుడు పెట్టుడు జుట్టు ఊడి, బిక్కమొహం బయటపడింది. డైరెక్టరుకు నవ్వాగలేదు. ఆ ముక్క సినిమాలో ఉంచేశాడు.

సినిమా విడుదలైన రోజు, దగ్గర్లో తీసిందని పిల్లలంతా మొదటి ఆటకు పోయారు. మాస్టరు మొహం కనబడగానే హాలంతా పడీపడీ నవ్విందని సాయంత్రానికి కబురొచ్చింది. మరునాడు జాగాకు పోవడానికి క్రీస్తుదాసుకు మనసొప్పలేదు. సిగ్గు, అచ్చంగా సిగ్గే. అయినా పోయాడు. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు. జిమ్ములో చేరతామని చెప్పడానికే వచ్చారనుకున్నాడు.

వెనక వరసలోంచి మహిమ ముందుకొచ్చింది. ఏడో తరగతి పిల్ల. జంటలు కట్టి తలపడమంటే రోజూ ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేది.

"మీరు గూడ పడ్తరా మాస్టర్?"

"అవ్. పదకొండుసార్లు పడ్డ."

"నాకు పడుడంటే భయం మాస్టర్. గందుకే ఎవ్వరితోని తలపడ." పిల్ల తల వంచుకుంది. "మీకు చెప్పాలంటే సిగ్గయ్యేది. గట్ల పడుడు నాకు నేర్పుండ్రి."

ఇన్నేళ్లలో ఆయన్ని అది అడిగినవాళ్లు లేరు. పడని మనిషిని ఎలా అడుగుతారు? క్రీస్తుదాసు చెప్పులు విడిచి, గడ్డం ఛాతీకి ఆనించి, ముప్పై మంది చూస్తుండగా నేల మీద పడ్డాడు.