మరియమ్మ కోసం ఖాళీ అయిన గది

ఎనభై అయిదు దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే ఓటు అన్నప్పుడు నాకు మొదట కలిగింది అనుమానమే. చుట్టూ కొడుకులూ కోడళ్ళూ ఉన్న ఇంట్లో కాగితం మీద గుర్తు పెడితే, ఆ ఓటు నిజంగా ఎవరిదవుతుంది? నాతో పనిచేసే సునీత వాళ్ళ నాయనమ్మ మరియమ్మకు ఎనభై అయిదు దాటాయి. వినుకొండ దగ్గర పల్లెలో ఉంటుంది. ఇంటి ఓటుకు దరఖాస్తు పెట్టించారు కానీ అధికారులు మొదటిసారి వచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి ఉందట. రెండోసారీ దొరక్కపోతే ఇక అంతే, బూత్‌కు వెళ్ళినా వేయనివ్వరు. వాళ్ళు రెండోసారి వచ్చే రోజుకు సెలవు దొరకని సునీత, "ఎటూ తిరుగుతుంటావుగా, కాస్త చూసి రావే" అంది. అనుమానం తీరుతుందని నేనూ సరేనన్నాను.

గుంటూరులో పొద్దున్నే బస్సెక్కితే నరసరావుపేట మీదుగా వినుకొండకు మూడు గంటల లోపు చేరుకోవచ్చు, టికెట్ రెండు వందలు దాటదు. నరసరావుపేట తర్వాత పత్తి మోళ్ళు మిగిలిన చేలు, వాటి నడుమ మిర్చి ఆరబోసిన కల్లాలు. నేల మీద అంత ఎరుపు ఒక్కచోట చూడటం నాకు అదే మొదలు. కిటికీ తెరిచాక మాత్రం వరసగా తుమ్ములు వచ్చాయి. వినుకొండలో ఇడ్లీ తిని, రానూపోనూ అయిదు వందలకు మస్తాన్ అనే అతని ఆటో మాట్లాడుకున్నాను.

మేం వెళ్ళేసరికి మరియమ్మ ఇంటికి మళ్ళీ తాళమే. అరుగు మీద పోలింగ్ సిబ్బంది, వీడియో తీసే అతను, ఒక కానిస్టేబుల్ చెమటలు కక్కుతూ కూర్చున్నారు. ఒక్క ముసలామె ఓటు కోసం ఇంతమందా అని ఆశ్చర్యపోయాను. వాళ్ళ పెద్ద, ఒక అధికారిణి, ఇంకా వేరే ఊళ్ళు తిరగాలంటూ లేవబోతోంది. కాసేపు ఆగమని బతిమాలాను. మస్తాన్ అప్పటికే ఆటో తిప్పేశాడు. "ఈ రోజుల్లో ఇళ్ళల్లో ఎవరుంటారక్కా? ఊరంతా కల్లాల కాడే" అన్నాడు.

నిజంగానే మరియమ్మ కల్లంలో పట్టా మీద కూర్చుని ఉంది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, ఊరికే కూర్చోలేక రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. ఇంటి దగ్గర వెతుకుతున్నారని చెబితే ఆమెకే వింతగా అనిపించింది.

"పింఛనీ ఈడికే తెచ్చిచ్చారు. నర్సమ్మ ఈడికే వచ్చి సూది వేసింది. ఓటోళ్ళు మాత్రం రారనుకున్నానా?"

అక్కడే పనిలో ఉన్న కొడుకు ఏసుబాబు తాళంచెవి తీసుకుని మాతోపాటు ఆటో ఎక్కాడు.

అదృష్టం, వాళ్ళు వెళ్ళిపోలేదు. గుర్తింపు కార్డు చూశారు, మంచం మీద అట్టముక్కలతో చిన్న మరుగు నిలబెట్టారు. ఆమెకు చూపు సరిగా ఆనదని, గుర్తు తాను పెడతానని ఏసుబాబు ముందుకొచ్చాడు. అధికారిణి అతనికి జవాబివ్వకుండా మరియమ్మనే అడిగింది, సాయం కావాలా అని.

"అక్కర్లేదమ్మా. గుర్తులు కనపడతన్నయ్."

అంతే, అందరినీ బయటికి పంపేశారు. సిబ్బంది గుమ్మం దగ్గరే నిలబడి మొహాలు ఇటు తిప్పుకున్నారు, కెమెరా కూడా పక్కకు తిరిగింది. మేమందరం వేపచెట్టు కింద నిలబడ్డాం. చాలాసేపే పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కాగితం చిన్న కవరులోకి, అది పెద్ద కవరులోకి వెళ్ళాయి. అంటించడం, వేలిముద్ర వేయించడం అన్నీ కెమెరా ముందే జరిగాయి. నా అనుమానం అక్కడే తీరిపోయింది, కళ్ళు చెమర్చాయి. మిర్చి ఘాటు వల్ల కాదు.

వాళ్ళు వెళ్ళగానే ఏసుబాబు ఆగలేక అడిగాడు, ఎవరికేశావే అని. మరియమ్మ విననట్టే మజ్జిగ కలపడానికి లేచింది. నాకు మజ్జిగ ఇస్తూ మాత్రం మెల్లగా అంది: "కాపరానికొచ్చిన కాడ్నించీ ఈ ఒక్క గదేనమ్మా. పురుళ్ళూ ఇందులోనే, చావులూ ఇందులోనే. నా కోసం అందర్నీ బయటికి పొమ్మన్నది ఇయ్యాలే."

తిరుగు బస్సులో ఆ మాటే చెవుల్లో ఉంది. ఓటును గడప దాకా తేవడం గొప్పే. తెచ్చాక కన్నకొడుకును కూడా అదే గడప దాటించడం అంతకంటే గొప్పగా తోచింది. మీ పెద్దవాళ్ళకూ ఇలా దరఖాస్తు పెట్టిస్తే, అధికారులు చెప్పిన రోజున వాళ్ళను కల్లంలోనో చేలోనో కాక ఇంటి దగ్గరే ఉండమనండి. ఆ సమయం వచ్చాక ఎవరూ చెప్పకముందే మీరు లేచి బయటికి వెళ్ళండి.