లంక నుంచి అందరికీ ఐదు–తొమ్మిదే

నా అయిదు కడ్డీల యాంటెన్నా గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, తొమ్మిది డెసిబెల్స్ అని ఏడాదిగా అందరికీ చెబుతూ వచ్చాను. అడగనివాళ్లకి కూడా. ఆధారం ఒక్కటే. గోదావరి మధ్య లంకలో పంతులుగా ఉన్న మాలాగే లైసెన్సు తీసుకుని సొంత సెట్టు మీద మాట్లాడే హామ్ రేడియో మిత్రుడు ప్రతిసారీ "ఐదు–తొమ్మిదండీ" అనేవారు. మా లెక్కలో అది స్పష్టతకి ఐదుకి ఐదు, బలానికి తొమ్మిదికి తొమ్మిది, నూటికి నూరు మార్కులు.

ఓరోజు, మర్నాడు సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందన్నారు. రేవులో పడవలు ఆపేశారు. సెల్ టవర్లు ఎంతసేపు నిలబడతాయో మాకు అనుభవమే. ఆ తర్వాత లంకకీ అమలాపురానికీ మధ్య మిగిలేది మా రేడియో. కాలేజీ మేడ మీద స్తంభం ఒక్కటే ఉంది. దానిమీద నా యాంటెన్నా ఎక్కించాలా, ఫిజిక్సు చెప్పి రిటైరైన మేష్టారిదా అన్నది తేలాలి. ఆయనది మూడు కడ్డీలది. కాకి కట్టడం మొదలెట్టి విసుగొచ్చి వదిలేసిన గూడులా ఉంటుంది.

నా మార్కుల సంగతి చెప్పాను. మేష్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"నాకూ అంతేనండి ఇచ్చేది. ఓసారి వెదురుబద్దకి వైరు చుట్టి మాట్లాడేను. దానికీ ఐదు–తొమ్మిదే ఇచ్చేరు."

నేను ముందే ఊహించవలసింది. లంక పంతులుగారు పెళ్లిలో ఉప్పులేని పప్పు వడ్డించినా వంటవాణ్ణి పిలిచి మెచ్చుకునే మనిషి.

అందుకని కొలతకి దిగాం. రెండిటికీ ఒకే ఎత్తు, ఒకే కేబుల్. రేడియోకీ యాంటెన్నాకీ మధ్య ఒక డబ్బా. అందులో ఒక్కో మీట నొక్కితే సిగ్నల్ ఒక్కో మెట్టు, అంటే ఒక్కో డెసిబెల్, తగ్గుతుంది. ఏది ఎవరిదో లంకకి చెప్పకూడదు. రెండిటిమీదా మేష్టారే మాట్లాడాలి. నా గొంతు వింటే పంతులుగారు మొహమాటపడతారు కనక నేను నోరు విప్పకూడదు. మాట వినబడటం మానేసిన క్షణాన ఆయన చెప్పాలి, అంతే.

మొదటిది నాది. పదకొండో మెట్టు దగ్గర "ఇక లేదండి" అన్నారు, పరామర్శకి వెళ్లినవాడి గొంతుతో.

రెండోది కలిపాం. చినుకులు మొదలయ్యాయి. పదకొండు, వినబడుతోంది. పన్నెండు, వినబడుతోంది. పదమూడో మెట్టు దగ్గర జవాబు కాస్త ఆలస్యమైతే నా ప్రాణం లేచొచ్చింది. మా మాట లంకకి అందకూడదని కోరుకుంటున్నానని నాకు అప్పుడు తట్టింది. జవాబు వచ్చింది. పద్నాలుగు దాకా వచ్చింది, పదిహేనులో పోయింది. నాలుగు డెసిబెల్స్ తేడా అంటే బలం రెట్టింపుకు పైనే.

కాసేపటికి లంక నుంచి మెల్లగా అడిగారు. "మొదటిది ఆయనగారిదాండీ?"

మేష్టారు మైకు నాకిచ్చారు.

"ఆయ్, నాదేనండి."

గరగర మధ్య పంతులుగారి మాట. "అయితే ఇంకోసారి చూద్దామండి. మధ్యలో మేక అరిచింది, నేనే సరిగ్గా వినలేదు."

మళ్లీ కొలిస్తే నాది ఇరవయ్యో మెట్టు దాకా వినబడుతుందని నాకు తెలుసు. మేష్టారికీ తెలుసు. ఆయన మేఘాలకేసి చూస్తూ నిలబడ్డారు.

"మేక బాగానే అరిచిందండి. రెండోదే ఎక్కించేస్తున్నాం," అన్నాను.

కాకిగూడు పైకి వెళుతుంటే తాడు పట్టుకున్నది నేనే.

మర్నాడు మధ్యాహ్నానికి ఫోన్లు పోయాయి. మూడింటికి స్తంభం ఊగుతుండగా లంక పలికింది. మాట పూర్తికాకుండానే గాలిలో కలిసిపోతోంది. మళ్లీ చెప్పమన్నాం, మళ్లీ చెప్పమన్నాం. మూడోసారికి తెలిసింది: బడిలోకి నీళ్లు, ఒక బాలింత, నలుగురు ముసలివాళ్లు, పడవ కావాలి. ముక్తేశ్వరం వైపు సహాయక పడవలు ఉన్నాయి. మేష్టారు కాగితం రాసి, కింద ఉన్న రెవెన్యూవాళ్లకి ఇవ్వడానికి పరుగెత్తారు, ఆ వయసులో.

అవతల పంతులుగారికి అలవాటు పోలేదు. "మేం మీకెలా వినబడుతున్నామండీ?"

ఐదు–తొమ్మిదని నాలిక చివరిదాకా వచ్చింది.

"మూడు–రెండండి," అన్నాను. "పడవ మాట మాత్రం అందింది."