సాలూరు రంగు పడ్డ టైటానియం సైకిలు

జీతం చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే నాకు 2014 ప్రాంతంలో సైకిలు పిచ్చి పట్టింది. విశాఖలో ఒక విదేశీ ఇంజనీరు స్వదేశానికి వెళ్లిపోతూ సామాన్లు అమ్మేస్తుంటే అందులో నా కంటబడింది అది. ఇరవయ్యేళ్ల నాటి రేసింగు సైకిలు, ఒళ్లంతా టైటానియం. ఆ లోహానికి తుప్పు పట్టదు కాబట్టి రంగు కూడా వేయలేదు, బూడిద మెరుపుతో అలాగే వదిలేశారు. ఒక్క చేత్తో ఎత్తేయొచ్చు. స్టాండు లేదు, కేరియరు లేదు, బెల్లు లేదు. (మా అమ్మ చూసి, "మిగతా సామానెప్పుడొస్తాదిరా?" అని అడిగింది.)

సైకిలుతో ఊరుకుంటే బాగుండేది. దాన్ని కట్టినవాడి చరిత్ర కూడా తవ్వాను. ఆయన విమానాల గొట్టాలు అతికే ఫ్యాక్టరీలో వెల్డరట. ఫ్యాక్టరీ మూతపడితే ఇంటి వెనక రేకుల షెడ్డులో, భార్య గొట్టాలు కోసిస్తుంటే తను అతుకుతూ, ఏడాదికి కొన్నంటే కొన్ని సైకిళ్లు కట్టాడట. తండ్రి పడవలు బాగుచేసేవాడట, తాత గుర్రాలకు లాడాలు కొట్టేవాడట. ఇదంతా స్టాఫ్‌రూములో, టీ కొట్టులో, ఆఖరికి గడ్డం గీయించుకుంటూ కూడా చెప్పేవాణ్ణి. (చేతిలో కత్తి ఉండి కూడా ఆ మంగలి చూపించిన ఓపిక గొప్పది.) అంతటితో ఆగక, ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడని తెలిసి, పెడళ్ల ఇరుసు కింద చెక్కిన నంబరు రాసి, ఇది మీరు కట్టిందేనా అని ఈమెయిలు పెట్టాను.

ఆ ఆదివారమే మా చిన్న మావయ్యకి చూపిద్దామని సాలూరు బయల్దేరాను. మావయ్యకి అక్కడ లారీలకు రంగులేసే షెడ్డుంది. గజపతినగరం దాటేసరికి తొడలు, రామభద్రపురం దాటేసరికి నడుము నా మాట వినడం మానేశాయి. షెడ్డు ముందు దిగినవాణ్ణి మళ్లీ ఎక్కలేకపోయాను. "అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శనుందంటే ఇదేరా! బండిక్కడే ఉంటాది. మళ్లీ ఆదివారం వచ్చి పట్టుకెళ్లు" అని మావయ్య నన్ను బస్సెక్కించాడు.

వారం మధ్యలో జవాబొచ్చింది. ఆ నంబరు తనదేనట. "నేను కట్టినవాటిలో నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. ఫొటో పంపితే ఒకసారి చూసుకుంటాను" అని రాశాడు. ఆ మాట చదివి నా గుండె పొంగిపోయింది. అంతటివాడి కోరిక తీర్చే యోగం నాకు పట్టిందనుకున్నాను.

ఆదివారం ఉరుకుల మీద వెళ్లి చూద్దును కదా, నా సైకిలు ఒళ్లంతా నీలం. ముందు ఎర్ర తామర, దానికి రెండు వైపులా చిలకలు. రేసింగు సైకిలు నడుం గొట్టం మీద "నిదానమే ప్రధానం". సీటు కింద చిన్న అక్షరాల్లో "నన్ను చూసి ఏడవకురా". నేను ఏడవలేదు గానీ, ఎంతో దూరంలో లేను.

"బోడిగా ఉన్నాదిరా పాపం" అన్నాడు మావయ్య, చేతులు తుడుచుకుంటూ. "నా సెడ్డులోకొచ్చిన బండి రంగు లేకుండా రోడ్డెక్కితే నా పరువేటవుతాది? లారీవోణ్ణి రెండ్రోజులు ఆగమని మరీ ఏసినాను. సూడు, నచ్చిందేటి?"

"బాగుంది మావయ్యా" అన్నాను. నా మొహం ఏం చెప్పిందో తెలియదు. ఆయన మాత్రం తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

సైకిలు బస్సు మీద వేసుకుని ఇంటికొచ్చి థిన్నరుతో రుద్దాను. ఒడిశా ఘాట్ రోడ్ల వానలకే చెక్కు చెదరని రంగు, నా గుడ్డపీలికకు లొంగుతుందా? ఇక గత్యంతరం లేక ఉన్నదున్నట్టే ఫొటో తీసి, కింద పేజీడు క్షమాపణ రాశాను: ఇది ఏమీ తెలియని మా బంధువొకాయన చేసిన పని, మీరు బాధపడొద్దు అని. (ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

పది రోజులకు జవాబొచ్చింది. నా క్షమాపణ గురించి ఒక్క ముక్క లేదు. "ఫొటో పెద్దది చేసి చూశాను. ఆ చిలక రెక్క మీది గీతలు కుంచె ఎత్తకుండా ఒక్క ఊపులో లాగినవి. నా చెయ్యి ఎప్పుడూ అంత స్థిరంగా లేదు. ఆయన పేరేమిటి? పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఎన్నేళ్లుగా చేస్తున్నాడు?"

పేరొక్కటే రాయగలిగాను. ఎక్కడో ఉన్న ముసలాయన తాత లాడాలు కొట్టేవాడని నాకు తెలుసు. నన్ను ఎత్తుకు పెంచిన మావయ్య కుంచె ఎలా పట్టాడో తెలియదు.

మళ్లీ సాలూరు వెళ్లి, ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. మావయ్య కుంచె పక్కన పెట్టి, ఖాళీ రంగు డబ్బా ఒకటి బోర్లించి నన్ను కూచోమన్నాడు. తరవాత రాయగడలో అన్నం పెట్టి పని నేర్పిన ఒడియా గురువు గురించి, మొదటి చిలక కాకిలా వచ్చినందుకు తిన్న తిట్ల గురించి చెప్పుకుంటూ పోయాడు. నేను రాసుకుంటూనే ఉన్నాను. చివర్లో, "ఇన్నేళ్లలో నన్నీ మాటడిగినోడు లేడురా. అడిగీవోడు అంత దూరంలో ఉన్నాడేటి!" అని నవ్వాడు.

నేనూ నవ్వాను, తల కాగితం మీంచి ఎత్తకుండా.